విన్నవారి సంఖ్య: ఒకటి

ఆరు తీగల సౌహార్ద సంఘంవారు తమ అసాధారణ సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా చేసిన తీర్మానం ఇది: సంఘం పేజీలో సభ్యులు పెట్టే పాటల కింద "ఎంతమంది విన్నారు" అని చూపించే అంకెను తక్షణం తొలగించాలి. "ఎంతమంది మెచ్చుకున్నారు" అని చూపించే అంకె యథాతథంగా ఉంటుంది. ఈ రెండంకెలూ పక్కపక్కన కనబడటం వల్ల సభ్యుల మనశ్శాంతికి భంగం కలుగుతున్నదని కార్యవర్గం అభిప్రాయపడింది.

ఇంత మేలైన తీర్మానానికి కారకుడు ఎబ్బె. డెన్మార్కులోని పశ్చిమ జూట్లాండ్‌లో, ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ నీళ్ళు కంటికి ఆనేంత దూరంలో, ఎనభై నాలుగు ఆవులున్న రైతు. యాభై ఎనిమిదేళ్ళవాడు. అయిదు గిటార్లున్నవాడు. ఏడేళ్ళుగా సంఘంలో గౌరవనీయ సభ్యుడు. ఆ ఏడేళ్ళలో ఒక్క పాటా కట్టి ఎరగడు, కాని అది గౌరవానికి అడ్డు రాలేదు.

సంఘంలో మొత్తం పదకొండు వందల నలభైమంది. అందరూ డెన్మార్కువాళ్ళే, అందరూ సరదాకి గిటారు పట్టినవాళ్ళే. ఎవరూ ఎవరినీ ముఖాముఖి చూడలేదు. కలిస్తే వాయించమంటారని భయం. ఓడెన్సెలో ఒకాయన ఇప్పటికి నాలుగు వందల పాటలకు మొదటి పాదం రాశాడు. రెండో పాదం రాస్తే మొదటిది పాడవుతుందని ఆయన నమ్మకం. తీగలు మార్చేముందు చేతులు కడుక్కోవాలా, మార్చాక కడుక్కోవాలా అన్న చర్చ మూడో ఏట నడుస్తోంది. మధ్యలో ఇద్దరు అలిగి వెళ్ళిపోయారు, ఒకరు కాలం చేశారు. ఆయన వాదనను అల్లుడు కొనసాగిస్తున్నాడు. కొత్త గిటారు ఫోటో పెడితే మూడు వందలమంది అభినందిస్తారు. పాత గిటారుతో కొత్త పాట పెడితే పదిమంది పలుకుతారు, వాళ్ళలో ఆరుగురు గిటారు ఏ చెక్కతో చేసిందని అడుగుతారు.

సంఘం నిబంధనలు క్లుప్తంగా ఉంటాయి. మూడో నిబంధన ప్రకారం, తన పాట పెట్టదలచిన సభ్యుడు ముందుగా ఇతరుల పాటలు మూడింటిని మెచ్చుకోవాలి. నాలుగో నిబంధన ప్రకారం, ఏ అభిప్రాయమైనా మెచ్చుకోలుతో మొదలై మెచ్చుకోలుతో ముగియాలి. మధ్యలో ఏమైనా చెప్పదలిస్తే అక్కడ కూడా మెచ్చుకోవడం శ్రేయస్కరం. వినాలని ఎక్కడా లేదు. వినకూడదనీ లేదు. సంఘం పక్షాన ఆ మాట ఒప్పుకోవాలి.

ఎబ్బె తెల్లవారుజామున బూట్లు తొడుక్కుంటూ ఒంటి బొటనవేలితో మూడు పాటలు మెచ్చుకునేవాడు. "మీ రెండో చరణం మబ్బు చాటు నుంచి ఎండ వచ్చినట్టుంది" అన్న వాక్యం ఆయన స్వంతం. దాన్ని పంతొమ్మిది పాటలకు వాడాడు. వాటిలో రెండింటికి రెండో చరణమే లేదు. ఆ ఇద్దరూ కృతజ్ఞతలు తెలుపుకున్నారు.

ఆయనకీ ఆ మాటల అవసరం ఉంది. మా వైపు నోటి మాటకు కరువు. పొరుగు రైతు ఆస్గెర్ తండ్రి పోయినప్పుడు ఎబ్బె వెళ్ళి, కంచె మీద చెయ్యేసి, కాసేపు నిలబడి, "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు. "ఔను" అన్నాడు ఆస్గెర్. ఇద్దరికీ గుండె బరువు దిగింది. అటువంటి ఊళ్ళో బతికేవాడికి రోజూ ఉదయం ముక్కూ మొహం తెలియని పదిమంది "ఎబ్బె గారూ, మీరు లేని సంఘం తీగ తెగిన గిటారు" అంటుంటే ఎలా ఉంటుందో ఊహించుకోవాలి.

ఇట్లా జరుగుతుండగా ఆయన పెళ్ళికి పాతికేళ్ళు నిండవచ్చాయి. వెండి పెళ్ళి అంటే మా ఊళ్ళో సామాన్యం కాదు. ముందురోజు ఇరుగుపొరుగు వచ్చి వాకిలికి పచ్చి కొమ్మలతో తోరణం కడతారు. పెళ్ళిరోజు ఉదయం ఆరున్నరకి బాజాలతో వచ్చి ఆలుమగల్ని పక్కమీంచి లేపుతారు. వాళ్ళు నిద్రబట్టల్లోనే గుమ్మంలోకి వచ్చి నిలబడాలి.

"చూడు ఎబ్బె," అంది భార్య బోడిల్, చారు పోస్తూ. "ఏడేళ్ళనుంచి ఆ షెడ్డులో తీగలు బిగిస్తున్నావు, సడలిస్తున్నావు. ఆవులు విన్నాయి. నేను వినలేదు. ఆ రోజు నాకేమీ కొనకు. నువ్వు కట్టిన పాట ఒక్కటి పాడు."

"ఊఁ," అన్నాడు ఎబ్బె.

"ఊఁ అంటే?"

"పాడతాను."

అన్నాడు గాని ఆయనకు రెండు భయాలు పట్టుకున్నాయి. అరవైమంది ముందు పాడటం ఒక భయం. బోడిల్ ఒక్కతి ముందు పాడటం అంతకన్నా పెద్ద భయం. మూడు వారాలు ట్రాక్టరు మీద కూర్చుని పాట కట్టాడు. కట్టాక ఆయనకు ఒకటే కోరిక మిగిలింది. ఆ శనివారం వచ్చేలోగా, ఎవరైనా ఒక్కరు, దాన్ని మొదటినుంచి చివరిదాకా విని, ఎక్కడ తేడాగా ఉందో చెప్పాలి. అంతే.

రికార్డు చేయడానికి సంఘంవారి సలహా ఒకటుంది. పాడేముందు, ఏమీ పాడకుండా, ఆ గది నిశ్శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోవాలి. తర్వాత కంప్యూటరు ఆ చప్పుడును పాటలోంచి తీసేస్తుంది. ఒక నిమిషం చాలంటారు కొందరు. పాట ఎంతసేపో నిశ్శబ్దం అంతసేపు ఉండాలని పెద్దల మాట. ఎబ్బె పెద్దల మాట పాటించాడు. బోడిల్ చెవిన పడకుండా పాలు పితికే షెడ్డులో కూర్చుని, ముందు నాలుగు నిమిషాల పన్నెండు సెకన్ల నిశ్శబ్దం, ఆపైన నాలుగు నిమిషాల పన్నెండు సెకన్ల పాట రికార్డు చేశాడు. ఆదివారం మధ్యాహ్నం నిశ్శబ్దాన్ని సంఘం పేజీలో పెట్టాడు.

పొరపాటే. పక్కన ఒక మనవి కూడా రాశాడు: "శనివారం నా భార్య ముందు పాడాలి. దయచేసి విని, తప్పుంటే చెప్పండి."

సాయంత్రానికి నలభై ఒక్కమంది స్పందించారు. "రెండో చరణంలో కన్నీళ్ళు ఆగలేదు" అని ఒకరు. "మీ గొంతులో పశ్చిమ జూట్లాండ్ గాలి వినబడింది" అని మరొకరు. అది కొంతవరకు నిజం, ఆ రోజు షెడ్డు తలుపు సరిగ్గా పడలేదు. "వేళ్ళ పని అమోఘం, తీగలు ఏ కంపెనీవి?" అని ముగ్గురు. "మీ శ్రీమతి అదృష్టవంతురాలు" అని పదిహేనుమంది. నాలుగు వందల మొదటి పాదాల ఓడెన్సె పెద్దమనిషి మాత్రం "మొదటి పాదం దగ్గరే ఆపేసి ఉంటే ఇంకా బాగుండేది" అని రాసి, నాలుగో నిబంధన గుర్తొచ్చి చెరిపేసుకున్నాడు.

మెచ్చుకున్నవారు: నలభై ఒకటి. విన్నవారు: ఒకటి.

ఆ ఒకరు బార్న్‌హోల్మ్ ద్వీపంలో ఉండే రిగ్మోర్. సంఘంలో చేరి నెల దాటలేదు. ముప్పై రెండేళ్ళు తీరప్రాంతపు రేడియో కేంద్రంలో కూర్చుని, తుపానుల్లో చిక్కిన ఓడలు ఏం చెబుతున్నాయో వినడమే ఉద్యోగంగా బతికిన మనిషి. అలవాటు పోలేదు. సోమవారం పొద్దున ఆమె ఇలా రాసింది:

"ఎబ్బె గారూ, రెండుసార్లు విన్నాను. పాట లేదు, గిటారు లేదు. పంపు నడుస్తోంది. రెండు నిమిషాల దగ్గర ఎడమపక్క ఆవు దగ్గింది, అది ఉత్త దగ్గు కాదు. డాక్టరును పిలవండి. అసలు పాట ఉంటే నాకు పంపండి, వింటాను."

ఎబ్బె డాక్టరును పిలిచాడు, ఆ హడావిడిలో పాట పంపడం వాయిదా పడింది. ఆవుకు ఊపిరితిత్తుల్లో పురుగు చేరిందని, ఇంకో వారమైతే మంద మొత్తానికీ పాకేదని డాక్టరు తేల్చాడు. సంఘం పుట్టిన తర్వాత ఒక అభిప్రాయం వల్ల ఎవరికైనా ఉపకారం జరగడం అదే మొదలు. అందుచేత మంగళవారం ఆమెమీద ఫిర్యాదు దాఖలైంది. అదే మంగళవారం ఎబ్బె నిశ్శబ్దాన్ని "ఈ ఏటి మేటి పాట" పురస్కారానికి ప్రతిపాదించారు.

బుధవారం సాయంత్రం నాలుగింటికి, పాలు పితికే వేళకు ముందు, కంప్యూటరు తెరల మీద ఆ అసాధారణ సమావేశం, అందులోనే విచారణ జరిగాయి. అధ్యక్షులు ప్రెబెన్‌గారు రిటైరయిన పార్కింగు తనిఖీ అధికారి. ఆయన వెనక గోడ మీద పదకొండు గిటార్లు, దేని మీదా వేలిముద్ర లేదు.

"తీగమిత్రులారా!" అన్నారాయన. "ఈ సంఘం నమ్మకం మీద నిలబడింది. నేను మీ పాట బాగుందంటాను, మీరు నా పాట బాగుందంటారు. ఈ పవిత్ర బంధంలోకి మూడో వ్యక్తిలా పాట దూరకూడదు! రిగ్మోర్‌గారు ముందస్తు సమాచారం లేకుండా విన్నారు. ఒకసారైతే పొరపాటనుకుందుము. రెండుసార్లు విన్నారు! ఆపైన ఆవు సంగతి బయటపెట్టి, నలభై ఒక్కమంది సహృదయుల కన్నీటిని అవమానించారు. నా కన్నీరు కూడా అందులో ఉంది."

"కన్నీరు వస్తే డాక్టరుకు చూపించుకోండి," అంది రిగ్మోర్. "నేను విన్నది చెప్పాను. ఓడ మునుగుతోందని వినబడితే, గొంతు మధురంగా ఉందని రాసుకుంటామా?"

"నాలుగో నిబంధన!" అన్నాడెవరో.

"సరే. మీ పదకొండు గిటార్లూ బాగున్నాయి. ఓడ మునుగుతోంది. గోడ రంగు కూడా బాగుంది. చాలా?"

ప్రెబెన్‌గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "సాక్షిని అడుగుదాం. ఎబ్బె గారూ, మీరు పెట్టింది పాటా, కాదా? ఔనో కాదో సెలవియ్యండి."

ఎబ్బె తెర వంక చూశాడు. చిన్న చిన్న గళ్ళల్లో నలభై ఒక్క ముఖాలు. ఏడేళ్ళుగా పొద్దున్నే పలకరించినవాళ్ళు. కాదంటే అందరూ అబద్ధికులవుతారు. పురస్కారం పోతుంది. రేపు ఉదయం బూట్లు తొడుక్కునే వేళ ఫోను పలకదు.

"ఎబ్బె," అంది రిగ్మోర్, ఈసారి గారు లేకుండా, మెల్లగా. "వీళ్ళ సంగతి వదిలెయ్. శనివారం మూడు రోజుల్లోకి వచ్చింది. అసలుది పంపు. విని, ఉన్నమాట చెబుతాను. నీకు కావలసింది అదేగా?"

అదే. లోకంలో ఆయనకు కావలసింది అదొక్కటే. పాట కట్టిన నాటినుంచి దాని కోసమే చూస్తున్నాడు. అది ఎదురుగా వచ్చి నిలబడి పేరు పెట్టి పిలుస్తోంది.

"పాటే," అన్నాడు ఎబ్బె.

చప్పట్లు మోగాయి. "వినబడింది," అంది రిగ్మోర్, పాత ఉద్యోగపు అలవాటుగా. ఆ తర్వాత ఆమె గడి నల్లబడింది. బహిష్కరణ, అంకె తొలగింపు, పురస్కార ప్రదానం, మూడు తీర్మానాలూ ఆరు నిమిషాల్లో ముగిశాయి. ఎబ్బె ఆమెకు అసలు పాట పంపబోతే అటువంటి సభ్యురాలు లేరని పేజీ వినయంగా చెప్పింది.

శనివారం ఆరున్నరకి బాజాలు మోగాయి. తోరణం మీద వెండి కాగితంతో చేసిన పాతిక అంకె గాలికి రెపరెపలాడుతోంది. అరవైమంది పొరుగువాళ్ళు గడ్డి మీద నిలబడ్డారు. ముందువరసలో ఆస్గెర్, చేతిలో బూరా.

"ఒరేయ్ ఎబ్బె, లే! ఆవిడ నిన్ను ఇంకా వదిలెయ్యలేదుటగా!" అని అరిచాడు. మాటకు కరువైనవాడు, ఏడాదికి సరిపడా వాడేశాడు.

ఆలుమగలిద్దరూ నిద్రబట్టల మీద కోట్లు తొడుక్కుని గుమ్మంలోకి వచ్చారు. ఎబ్బె చేతిలో గిటారు ఉంది. గొంతు సవరించుకుని, ఎవరూ ఎన్నడూ వినని పాట పాడాడు. పాట పరవాలేదు. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. వరికోతలు లేని దేశం గనక గోధుమ కోతల పండగ రాత్రి నీలం గౌనులో గిరగిరా తిరిగి ఆడిన పిల్ల మొదటి చరణంలో ఉంది. సముద్రమంటే ప్రాణమిచ్చే ఇల్లాలు రెండో చరణంలో ఉంది. మూడో చరణంలో ఆమె చలి ఉదయాన తన కాఫీ కప్పును రెండు చేతులా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది.

అరవైమందీ చప్పట్లు కొట్టారు. బేకరీ ఆవిడ కళ్ళొత్తుకుంది. ఆస్గెర్ బూరాలోని తడి దులుపుకుని, "రెండో చరణం చంపేశావురా!" అన్నాడు.

ఎబ్బె వాళ్ళ వైపు చూడలేదు. బోడిల్ వైపు చూశాడు. ఆమె కన్నార్పకుండా, ఒక్క మాటా పోనివ్వకుండా వింది. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది.

"రాగం బాగుంది. గొంతూ పరవాలేదు," అంది. "ఇంతకీ ఎవరీవిడ?"

"నువ్వే," అన్నాడు ఎబ్బె.

"నీలం గౌను మా అక్కది. ఆ రాత్రి నా కాలికి కట్టు ఉంది, బల్ల మీద కూర్చున్నాను. నువ్వే కదా నాకు పళ్ళెం తెచ్చిచ్చావు! సముద్రం చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది, ప్రతి ఎండాకాలం చెబుతాను, ప్రతి ఎండాకాలం ఊఁ అంటావు. ఇక కాఫీ," అని ఆగింది. "కాఫీ నీకు పెడతాను ఎబ్బె. నేను తాగేది టీ. పాతికేళ్ళుగా."

అరవైమందీ మళ్ళీ చప్పట్లు కొట్టారు. దూరంగా ఉన్నవాళ్ళకి మాటలు వినబడలేదు. దగ్గర ఉన్నవాళ్ళు వినలేదు. బోడిల్ అందర్నీ లోపలికి పిలిచి రొట్టెలు, జున్ను, చేదు మందు చిన్న గ్లాసుల్లో సర్దింది. ఎబ్బె గుమ్మంలోనే నిలబడిపోయాడు. కోటు జేబులోంచి ఫోను తీసి సంఘానికి ఒక ప్రశ్న పంపాడు: "భార్య చెప్పేది స్పష్టంగా వినబడాలంటే ఏ మైకు మంచిది?"

గంటలో రెండు వందల పద్నాలుగు జవాబులొచ్చాయి. చర్చ ఇంకా సాగుతోంది.

ఎబ్బెను చూసి నవ్వదలచినవారు నిరభ్యంతరంగా నవ్వవచ్చు. అయితే మీరిది చదువుతుండగా పక్కగదిలోంచి ఎవరో మిమ్మల్ని ఏదో అడిగారు. మీరు "ఊఁ" అన్నారు. ఏమడిగారు?