తలుపు తీస్తే నడిచే కంప్యూటర్

పూర్తిగా చెడిపోయిన కంప్యూటర్ వల్ల మనిషికి ఏ మేలూ జరగదు. బాగుచేయిస్తాం, పీడా పోతుంది. అప్పుడప్పుడూ మాత్రమే చెడిపోయే కంప్యూటర్ ఉందే, అదీ అదృష్టమంటే!

నేను పనిచేసే కళ్లద్దాల దుకాణంలో అలాంటిది ఒకటుంది. ఎవరి కంటికి ఎంత పవరో అంతా అందులోనే. పొద్దున చక్కగా మేలుకుంటుంది. కాసేపటికి తెర బిగుసుకుపోయి, డిస్క్ కనబడటం లేదంటుంది. కనబడటం లేదని మొరపెట్టుకోవడానికి మా దుకాణం కంటే మంచి చోటు ఇంకెక్కడుంది?

దానివల్ల ఒరిగిన మేళ్లు ఎన్నని చెప్పను? దేవుణ్ణి నమ్మని మా యజమాని దాని బటన్ నొక్కేముందు కళ్లు మూసుకుంటున్నారు. కౌంటర్ అక్కకు అందరి పవర్లూ కంఠతా వచ్చేశాయి. మొన్న ఒక పెళ్లిలో పెద్దాయనెవరో ఎదురుపడితే, "మైనస్ రెండున్నర గారూ, బాగున్నారా?" అని పలకరించిందట!

ఇక మెకానిక్ బాబాయి. ఆయన వచ్చి కంప్యూటర్ డబ్బా పక్క తలుపు విప్పగానే అది బుద్ధిగా నడుస్తుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మా ఊరి బడిలో వెనక బెంచీ కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు!

"ఇప్పుడు నడుస్తోంది కదండీ," అన్నారు యజమాని.

"నడిస్తే మాత్రం? ఎప్పటికైనా పోయేదే. మార్చేద్దాం."

డిస్క్ మారుస్తారు, నడిపి చూపిస్తారు, తలుపు బిగిస్తారు, వెళ్లిపోతారు. ఆయన స్కూటర్ వీధి మలుపు తిరగకముందే తెర మళ్లీ బిగుసుకుంటుంది. ఇలా మూడు డిస్కులు మారాయి.

మూడోది కూడా అలిగాక యజమాని తీర్పు చెప్పారు. "తప్పు డిస్కుది కాదు అమ్మాయ్. నీ చెయ్యి బరువు. నాలుగోది కూడా పోయిందంటే నువ్వు వేరే పని చూసుకో."

నా చెయ్యి బరువట! నా గొంతు పక్క కుర్చీ దాకా వినబడదు గానీ, వేళ్లు మాత్రం ఇనుమును వంచేస్తాయన్నమాట.

రోజంతా దాని ఎదురుగా కూర్చునేది నేనే కాబట్టి, ఆగినప్పుడల్లా ఒక కాగితం మీద రాసుకున్నాను. పదకొండుసార్లు ఆగింది. పదకొండుసార్లూ తలుపు మూసే ఉంది.

"బాబాయ్, తలుపు వేస్తేనే ఆగుతోంది. లోపల డిస్కుకు వెళ్లే ఆ ఎర్ర వైరు నలుగుతోందేమో చూస్తారా?"

"తలుపుకీ డిస్కుకీ ఏం సంబంధమమ్మా? నాది పాతికేళ్ల సర్వీసు. నువ్వు కీబోర్డు కాస్త మెల్లగా కొట్టు, చాలు."

నాలుగో డిస్క్ పెట్టిన రోజు కౌంటర్ అక్క నా మొహం చూసి, ఆయన్నీ యజమానినీ టీకి కూర్చోబెట్టింది. వాళ్లు టీ తాగేలోపు నేను రెండు స్క్రూలు విప్పాను. నలిగి వంగిన వైరును పక్కకు లాగి, కళ్లజోడు తాడుతో కట్టి, తలుపు మళ్లీ బిగించాను.

అప్పటినుంచి నలభై రోజులు. ఒక్కసారి కూడా ఆగలేదు. నాలుగో డిస్క్ మంచి జాతిదని బాబాయి అంటున్నారు. యజమాని మాత్రం నన్నే మెచ్చుకున్నారు.

"చూశావా, చెప్పాక నీ చెయ్యి ఎంత తేలికైందో."

పై వీధిలో మా రెండో దుకాణం ఉంది. అక్కడి అమ్మాయి చెయ్యి కూడా ఈమధ్య బరువెక్కిందట, రెండు డిస్కులు పోయాయట. కీబోర్డు మెల్లగా కొట్టడం ఎలాగో ఆమెకు నేర్పి రమ్మన్నారు.

వెళ్తున్నాను. సంచిలో స్క్రూడ్రైవర్ పెట్టుకున్నాను.