నీళ్లపప్పు మహాత్మ్యం

కందిపప్పు ధర తగ్గాలని మొక్కుకుంటున్న తల్లులారా, ఆ మొక్కులు వెంటనే వాపసు తీసుకోండి! ధర పెరగడమే మనకు మేలు. పదో తరగతిలో బడి మానేసినదానికి ఏం తెలుసు అంటారా? నాకు అర్థశాస్త్రం నేర్పింది ఆ పప్పే!

సెంటినరీ కాలనీలోని మా క్వార్టర్‌లో ఇప్పుడు గుప్పెడు పప్పుకు బిందెడు నీళ్లు. ఎంత సుఖమో! గిన్నె అడుగంటదు, అరుగుదలకు మందు అక్కర్లేదు. మూడేళ్ల మా హర్షిణి పళ్లెంలో ఒక్క బద్ద కనబడితే చాలు, "దొరికింది!" అని చప్పట్లు కొడుతుంది. పిల్లలకు ఇంతకన్నా మంచి ఆట ఏ ప్లేస్కూల్లో ఉంది?

మా ఆయన వేణుమాధవ్‌కే ఈ గొప్పదనం అర్థం కాలేదు. బొగ్గుబాయిలో డ్యూటీ దిగి రాగానే టిఫిన్ డబ్బా నా ముందు పెట్టాడు.

"ఏందే, పప్పు పోసినవా, గిన్నె కడిగిన నీళ్లు పోసినవా? బాయికాడ సదయ్య కాక మొఖం కడుక్కుంటనని అడిగిండు!"

"ఒంటికి మంచిదని డాక్టర్లే చెప్తున్నరు," అన్నాను. ఏ డాక్టరో అడగలేదు, బతికిపోయాను.

అంగన్‌వాడీలో మాత్రం నా సైన్సు చెల్లలేదు. మూడు నెలలుగా హర్షిణి తూకం ముల్లు కదలడం లేదు. "పొల్లకు జర గట్టిపప్పు పెట్టరాదు!" అని టీచరమ్మ కసిరింది. అప్పటినుంచి పిల్లను ఎత్తుకున్నప్పుడల్లా నేనే కాటానైపోతున్నాను.

నిజానికి మాకు పప్పు కొనే అలవాటే లేదు. కమాన్‌పూర్ దగ్గర మా బాపు ఆగయ్య పత్తి సాళ్ల మధ్య కంది వేస్తాడు. ఏటా విసుర్రాయి మీద పట్టిన పప్పు ఓ మూట నాకు పంపాకే మిగతా కందులు మార్కెట్‌కు పోతాయి. ఈ ఏడు నేను ఫోన్‌లో ధరల వీడియోలు చూసి పండితురాలినయ్యాను.

"బాపూ, కందులు ఇప్పుడే అమ్మకు. ధర ఇంక పెరుగుతది. నా మూట గూడ నాకొద్దు, పెరిగినంక అన్ని కలిపి అమ్ము," అని హుకుం జారీ చేశాను.

బాపు విన్నాడు. నేను ఆపమన్న సంగతి ఎవరు చేరవేశారో గానీ, పరాయి దేశాల నుంచి ఓడల నిండా కందులు దిగాయి. ధర కూలింది. పురుగు పట్టేలోగా బాపు వచ్చినకాడికి అమ్ముకున్నాడు.

"నీ ఫోన్ల జెప్పినోడు ఎన్నడన్న కంది ఏసినోడేనా బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

పోనీ, ధర కూలితే కొనేవాళ్లకు పండగే కదా! సంచి పట్టుకొని మొయినుద్దీన్ భాయ్ కిరాణా కొట్టుకు పరుగెత్తాను.

"పప్పు ధర తగ్గిందంట గదా, భాయ్?"

"తగ్గింది చెల్లె. టీవీల తగ్గింది, నా దుకాణం దాక ఇంక రాలే," అంటూ పాత ధరకే తూచి ఇచ్చాడు.

మొన్న బాపు మనవరాలిని చూడటానికి వచ్చాడు. చాలా రోజుల తర్వాత గట్టిపప్పు వండాను, చిన్న గిన్నెడు. తన పళ్లెంలో వడ్డించిందంతా బాపు ముద్దలు చేసి హర్షిణికే తినిపించాడు.

"మరి నీకేది బాపూ?"

"నాకు పప్పు పడ్తలేదు బిడ్డా. జర చారు పొయ్యి."

చూశారా! ముప్ఫై ఏళ్లుగా కంది పండిస్తున్న మనిషికి పప్పు పడదట! ఏ దవాఖానలోనూ బయటపడని రోగాన్ని ధర ఒక్క పూటలో కనిపెట్టింది.

పైగా అది అంటురోగం. నేనూ చారే పోసుకున్నాను.