పద్దెనిమిది డిగ్రీల ఇల్లు

మా దేశంలో చలి లేదు. ఉన్నదల్లా స్వెటర్ వేసుకోని జనం. ఇది నా సొంత మాట కాదు, దక్షిణ న్యూజిలాండ్ గృహోష్ణ సలహా మండలి వారి మూల సిద్ధాంతం. ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి దీన్ని మనసా వాచా నమ్ముతాను. నడి చలికాలమైన జులైలో పొద్దున్నే లేచి కిటికీ అద్దానికి లోపలివైపు పేరుకున్న మంచు గీక్కోవడం మాకు మొహం కడుక్కోవడంతో సమానం. వెచ్చగా ఉండాలనుకోవడం సోమరితనానికి తొలిమెట్టని మా నాన్న అనేవాడు. (ఆయన నిమోనియాతో పోయాడు. కానీ ఎవరినీ ఇంకో కంబళి అడగలేదు.)

మా పక్కింటి మెరెహానాకి మాత్రం ఈ క్రమశిక్షణ అలవడలేదు. ఆవిడ మాంసం ఫ్యాక్టరీలో పని చేస్తుంది. కూతురు పానియాకి అయిదేళ్ళు. చలికాలం వచ్చిందంటే ఆ పిల్ల ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఈ ఏడు అప్పుడే రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. "ముందుగది పద్దెనిమిది డిగ్రీలకి తగ్గిందంటే పిల్ల మళ్ళీ ఇక్కడికే వస్తుంది. మూడోసారి తేలిగ్గా బయటపడుతుందని నేను మాటివ్వలేను" అని డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పేసింది.

ఇల్లు మండలి వారిదే. అందులో ఒకప్పుడు కట్టెల పొయ్యి ఉండేది. పొగ పిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదని దాన్ని మండలి పీకేసి, చిమ్నీకి చెక్క కొట్టేసింది. ఆ స్థానంలో గదిని వేడిచేసే కరెంటు యంత్రం బిగిస్తారు. అయితే ఇంట్లో చలిగా ఉందని ముందు రుజువు కావాలి. పొయ్యి తీసేసినందుకే చలిగా ఉందని మెరెహానా చెబితే, అది కారణమే తప్ప రుజువు కాదన్నారు.

మొదటి విడతగా సలహాదారు లక్లన్ పెడ్డీ గారు వేంచేశారు. కోటు విప్పలేదు, చేతి తొడుగులూ తియ్యలేదు. తలుపు కింద సందుకి అడ్డం పెట్టుకోమని పాములాంటి గుడ్డ సంచి ఒకటి బహూకరించి, గోడలన్నీ పరికించారు.

"మీ ఇంటి ముఖం దక్షిణానికి ఉందమ్మా. మనకి ఎండ వచ్చేది ఉత్తరం నుంచి కదా" అన్నారు.

"ఇల్లు కట్టింది మీరే కదండీ!"

"అందుకే కదమ్మా చెప్పేది. ఈసారి కట్టుకునేటప్పుడు ఉత్తరానికి తిప్పి కట్టుకోండి. అన్నట్టు, రోజూ కాసేపు కిటికీలన్నీ బార్లా తెరవాలి."

"బయట రెండు డిగ్రీలుంది. లోపల తొమ్మిది. తెరిస్తే ఆ తొమ్మిదీ పోతుంది కదా!"

"చెమ్మ పోతుందమ్మా. తడి చలి కంటే పొడి చలి ఆరోగ్యం."

మెరెహానా ఆయన వైపు తిరిగింది. "మా ఫ్యాక్టరీలో చచ్చిన గొర్రెలకి ఎంత చలి ఉండాలో అంతే ఉంటుంది. ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే మేనేజర్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తాడు. నా పిల్ల గొర్రెయినా బావుండేది."

"గొర్రెలు వేరే శాఖమ్మా" అన్నారు పెడ్డీ గారు, చాలా మర్యాదగా.

నాకు ఒళ్ళు మండింది. (ఆ చలికాలం మా వీధిలో మండింది అదొక్కటే.) పిల్లని మా ఇంట్లో ఉంచుకుందామంటే మా ఇల్లు ఇంకో డిగ్రీ తక్కువ.

తర్వాత అధికారిక కొలత జరిగింది. థర్మామీటర్ చూడ్డానికి ఒక మనిషి చాలడా అనేది అజ్ఞానుల ప్రశ్న. గోడల శాఖ నుంచి ఒకరు, పైకప్పు నుంచి ఒకరు, కిటికీల నుంచి ఒకరు వచ్చారు. చెమ్మ శాఖ నుంచి ఇద్దరు (ఒకరు తడికి, ఒకరు ఆరడానికి). థర్మామీటర్‌ని చూసేందుకు ఒకాయన, ఆయన్ని చూసేందుకు ఇంకొకాయన. థర్మామీటర్ తగిలించే మేకు కొట్టడానికి ఎక్కే కుర్చీ ఊగకుండా పట్టుకునేందుకు భద్రతాధికారి. పని నేర్చుకుంటున్న ముగ్గురు. వీళ్ళందరికీ పెద్దగా పెడ్డీ గారు. ఇరుగుపొరుగు సాక్షిగా నేను. అందరం ఆ అగ్గిపెట్టెంత ముందుగదిలో భుజాలు రాసుకుంటూ కూర్చున్నాక, గంటసేపు ఎవరూ తలుపు తెరవకూడదని ఆజ్ఞాపించి కొలత ప్రారంభించారు. అప్పటికి తొమ్మిది డిగ్రీలుంది.

అక్కడే మెరెహానా పొరపాటు చేసింది. ఇంటికొచ్చిన మనిషిని, పగవాడైనా సరే, టీ ఇవ్వకుండా కూర్చోబెట్టడం మా వైపు ఎవరి ఇంటా వంటా లేదు. కెటిల్ పెట్టింది. ఇంతమందికి ఒక్క కెటిల్ ఏం సరిపోతుంది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ పెట్టింది. వట్టి టీ ఏం బావుంటుందని ఓవెన్ వెలిగించి చీజ్ రోల్స్ కాల్చింది. నేను కళ్ళతో సైగ చేశాను, దగ్గాను, కాలు కూడా తొక్కాను.

"ఏంటంకుల్, మీకు ఇంకోటి కావాలా?" అంది.

కావాలన్నాను. (రోల్స్ చాలా బావున్నాయి.)

పన్నెండు దాటింది. పద్నాలుగు దాటింది. కిటికీల శాఖ కోటు బొత్తాలు విప్పింది. చెమ్మ శాఖలో తడి చూసేవాడికి చెమట పట్టింది. పానియా ఎప్పుడూ తియ్యని ఉన్ని టోపీ తీసి పక్కన పడేసి, అందరి కాళ్ళ మధ్యా కూర్చుని రంగు పెన్సిళ్ళతో బొమ్మలేసింది. కాసేపటికి భద్రతాధికారి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. పిల్లికూతలు లేవు. మెరెహానా టీ కప్పు చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయి ఆ ఊపిరి వింటోంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

"పద్దెనిమిది దాటింది!" అని థర్మామీటర్ ఆయన ప్రకటించాడు. ఆయన్ని చూసే ఆయన ధ్రువీకరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల ఉలిక్కిపడి లేచింది.

"అభినందనలమ్మా. మీ ఇల్లు వెచ్చగానే ఉంది. యంత్రం అవసరం లేదు" అన్నారు పెడ్డీ గారు.

"ఇది ఇంటి వేడి కాదండీ, మీ వేడి! మీరు వెళ్ళాక చూడండి ఎంతుంటుందో!"

"మేము వెళ్ళాక చూడ్డానికి మేము ఉండం కదమ్మా."

కప్పులు కడిగేలోపు గది మళ్ళీ పదికి దిగింది. మర్నాడు మెరెహానా మండలి ఆఫీసుకి వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడి గట్టిగానే అడిగింది: "యంత్రమైనా ఇవ్వండి, లేకపోతే ఆ మనుషుల్నే రోజూ పంపండి. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి రాగానే టీ నేను పెడతాను. పిల్ల పడుకున్నాక కదలకుండా కూర్చుంటే చాలు." మండలి దీన్ని వేళాకోళంగా తీసుకోలేదు. మానవ ఉష్ణ వనరుల ఉపసంఘాన్ని వేసింది. ఉపసంఘం వెచ్చని హోటల్లో మూడుసార్లు సమావేశమైంది.

ఆగస్టులో ఒక సాయంత్రం పెడ్డీ గారు సుత్తి పట్టుకుని వచ్చారు. గుమ్మం పక్కన బయటి గోడకి ఇత్తడి పలక ఒకటి బిగించారు. దాని మీద "ధ్రువీకృత వెచ్చని గృహం" అని చెక్కి ఉంది. ప్రతి దెబ్బకీ లోపల పానియా దగ్గుతోంది. దెబ్బలు ఆగాక కూడా దగ్గు ఆగలేదు. నేను కంచె ఇవతల నిలబడి చూస్తున్నాను.

మెరెహానా తలుపు తీసింది. అరవలేదు. "మరి మనుషుల సంగతి?" అంది.

"పరిశీలనలో ఉందమ్మా."

"ఇవాళ్టికి మీరొక్కరైనా లోపలికి వచ్చి కాసేపు పిల్ల పక్కన కూర్చోండి. టీ పెడతాను."

పెడ్డీ గారు గుమ్మంలోంచి లోపలికి తొంగిచూశారు. నిజంగానే బాధపడ్డారు, అది నేను చూశాను.

"రావాలనే ఉందమ్మా. కానీ చలి ఇళ్ళలో కూర్చోవద్దని మా ఉద్యోగులందరికీ మండలి ఉత్తర్వు ఉంది. ఆరోగ్యానికి మంచిది కాదట."