నోట్లో గుండుసూదులు

ఆ ఉదయం ప్లీడరుగారి కోటుకు రెండో చెయ్యి తగిలించేసి, మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీయాలని దర్జీ అనుకున్నాడు. కోటు బల్ల మీద పరిచాడో లేదో, గుమ్మం ముందు వ్యాను ఆగింది. బావమరిది దిగాడు.

"అక్క సామాను తీసుకెళ్దామని వచ్చాను బావా. నిన్న నీకు ఫోన్లో చెప్పానంది."

చెప్పే ఉంటుంది. దర్జీ భార్య నర్సు. సగం రోజు ప్రయాణమంత దూరంలో ఆస్పత్రి ఉద్యోగం. రోజూ డ్యూటీ దిగగానే ఫోన్ చేస్తుంది. ఈయన ఫోన్‌ను మిషను మీద నిలబెట్టి, నోట్లో గుండుసూదులు బిగించి, పని చేసుకుంటూనే ఆమె ఆగిన చోటల్లా "ఊఁ" అంటాడు. నిన్నా ఊఁలు సక్రమంగానే పడ్డాయి. దేనికి పడ్డాయో మాత్రం తెలియదు.

వినలేదని ఒప్పుకుంటే బావమరిది ముందు పరువేమైపోతుంది? "ఆఁ, చెప్పకేం! పద, నేనూ ఓ చెయ్యేస్తాను," అన్నాడు.

బీరువా వెళ్ళింది. అద్దం వెళ్ళింది. చీరల పెట్టె వెళ్ళింది. బోసిపోయిన గోడ చూస్తుంటే దర్జీకి అసలు సంగతి తట్టింది. అక్కడ పెద్ద ఇల్లు తీసుకుందన్నమాట, ఇద్దరికీ! వెంటనే మంచం విప్పాడు. మిషను ఎత్తించాడు.

"నీవి కూడానా బావా?"

"మాలో ఆవిడవీ నావీ అని వేరే ఏముంటాయోయ్?"

అక్క మనసు మార్చుకుందేమో, మొగుడూ పెళ్ళాల మధ్య తనకెందుకని బావమరిది నోరు మూసుకున్నాడు. దర్జీ అద్దింటి తాళంచెవి ఇంటివాళ్ళకు ఇచ్చేశాడు. దారిలో వ్యాను ఆపించి ప్లీడరుగారికి కోటు అప్పగించాడు.

"రెండో చెయ్యేదయ్యా?"

"పక్కవీధి దర్జీ వేస్తాడండీ. మా ఆవిడ రమ్మంది!"

సాయంత్రం ఆమె తన ఒంటిగది వాటా తలుపు తీసింది. ముందు తమ్ముణ్ణి, తర్వాత మంచాన్ని, చివరికి మొగుణ్ణి చూసింది.

"ఇదేమిటండీ? నిన్న విడిపోదామా అంటే ఊఁ అన్నారుగా!"

"నేను... వినలేదే," అన్నాడు దర్జీ.

"తెలుసు. జ్వరంతో పడి ఉన్నానన్నా ఊఁ అన్నారు. బదిలీ రాలేదని ఏడ్చినా ఊఁ అన్నారు. నిన్న ఒక్కసారైనా, ఏమన్నావూ అని అడుగుతారేమోనని చూశాను."

జ్వరమొచ్చిన సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది. ఇంకా ఎన్ని సంగతులు తన చెవి పక్కనుంచే పోయాయో!

"ఇప్పుడు చెప్పు. అన్నీ మొదటినుంచీ చెప్పు, వింటాను."

"చెప్పాలని ఉన్నప్పుడు చాలా ఉండేవండీ," అంటూ ఆమె గుమ్మంలోనే కూలబడింది. అతను కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"సామాను దించనా, వద్దా?" అని బావమరిది వ్యానులోంచి కేకేశాడు.

ఎందుకైనా మంచిదని అతను ఇంజను ఆపలేదు.