తొమ్మిదోవాడే ఆఖరివాడు

తెలంగాణ రాష్ట్రం కోసం కేసముద్రం మార్కెట్ గేటు ముందు రిలే దీక్షల శిబిరం వేశారు. రోజుకొకరు పొద్దుట్నించి సాయంత్రం దాకా ఉపవాసం కూర్చోవాలి. తొమ్మిది మందే పేర్లిచ్చారు. ఆ రోజు కూర్చున్న తొమ్మిదోవారు కాలేజీలో చరిత్ర చెప్పే వెంకట్రాం సారు. రేపటికి మనిషి లేడు.

సారు పొద్దున్నే ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఐదింటికి నిమ్మరసం తాగి లేవడం, ఐదున్నరకు ఇంట్లో టీవీ ముందు కూర్చోవడం. ఏళ్లుగా వారానికొక రోజు ఆ టైముకొచ్చే ఓ డబ్బింగ్ సీరియల్లో గ్రహాలు తిరిగే వీరుడు చచ్చిన ప్రతిసారీ కొత్త మొహంతో లేస్తాడు. కానీ తొమ్మిది పుట్టుకలే అని మొదట్లోనే నియమం పెట్టారు. ఇవాళ తొమ్మిదోవాడి వంతు. "ఆయన సావడు, సూడుండ్రి," అని సారు భార్య తాను పోయేదాకా వాదించింది. ఆ సంగతి ఇవాళ తేలాలి.

అదే సీరియల్ పిచ్చి ఉన్న కేబుల్ మహేందర్ పలకరించడానికి వచ్చాడు.

"ఏంది సార్, ఇయ్యాల ఏమైతదంటరు?"

"ఏమైతది? తొమ్మిదోడే ఆఖరోడు. పానం పోతది. ఇగ లేసుడు లేదు."

"జర ఆలోచించుండ్రి సార్!"

"ముందే చెప్పిన మాట. తప్పొద్దు గద."

ఎక్కడో వైరు తెగిందని మహేందర్ వెళ్లిపోయాడు. పక్కనే కూరగాయలమ్మే ముత్తమ్మకు సీరియల్ సంగతి తెలియదు. శిబిరంలో తొమ్మిదోవారు సారేనని మాత్రం తెలుసు. గంప వదిలేసి మార్కెట్లోకి పరుగెత్తింది. "సారు ఇగ లేవడట! పానమిడుస్తడట!"

మధ్యాహ్నానికి లారీలు ఆగిపోయాయి. గూడూరు నుంచి వాల్యా అనే అతను తన తండా మొత్తాన్నీ ట్రాక్టరెక్కించుకొచ్చాడు. పూలదండలు సారు చెవులదాకా లేచాయి. దీక్షలకు ఆఖరి రోజని సాగనంపడానికి వచ్చారు కాబోలనుకుని సారు చెమ్మగిల్లిన కళ్లతో అందరికీ దండం పెట్టారు. అది చూసి ఆడవాళ్లు ఇంకా ఏడ్చారు.

ఐదయింది. నిమ్మరసానికి సారు చేయి చాచారు. వాల్యా గ్లాసు లాగేసుకున్నాడు.

"తియ్యుండ్రి అవుతల! సారు దీక్ష చెడగొడ్తరా?"

"వాల్యా, ఐదైంది నాయినా..."

"మీరు మాట్లాడకుండ్రి సార్, ఒంట్ల సత్తువ పోతది."

"నేనింటికి పోవాలె!"

ముత్తమ్మ గొల్లుమంది. "అయ్యో బాపూ, ఇల్లు యాదికొస్తున్నదా!"

"ఇల్లు గాదు ముత్తమ్మా, టీవీ! సచ్చేటోడు టీవీల ఉన్నడు!"

"అంటే మీరు సావరా?" అన్నాడు వాల్యా, కాస్త నిరాశగా.

"మాపటికి జొన్నరొట్టె తిందామనుకున్న నాయినా."

అప్పుడే తిరిగొచ్చిన మహేందర్ సంగతి విని, పొట్ట పట్టుకుని నవ్వి, తన టీవీ తెచ్చి శిబిరంలోనే పెట్టాడు. ఎలాగూ వచ్చాం కదా అని జనం కూర్చున్నారు. తెరమీద తొమ్మిదోవాడు ఒరిగిపోతుంటే, నియమం పెట్టిన ఆ లోకం పెద్దలే సభ చేరి, దాన్ని తీసేసి, ఇంకో తొమ్మిది పుట్టుకలు ఇచ్చేశారు. భార్య మాటే నెగ్గింది. ఓడిపోవడం ఇంత హాయిగా ఉంటుందని సారుకు అంతవరకూ తెలియదు.

"మార్చరాదు, మార్చరాదనుకుంటనే మార్చిండ్రు గద!" అంది ముత్తమ్మ. "మరి మన రాష్ట్రం మనకియ్యనీకి సర్కారోళ్లకేం రోగం?"

జై తెలంగాణ అని శిబిరం దద్దరిల్లింది. ముందు వాల్యా చెయ్యెత్తాడు. చూస్తుండగానే రాబోయే నెలకు సరిపడా మనుషులు పేర్లిచ్చారు. కాకపోతే అందరూ సీరియల్ వచ్చే రోజే కావాలన్నారు.