అధికార పక్షం మీద వెలుగు

"ఈ ప్రభుత్వం ఇక నిద్రపోదు!" అని వెలుగుల శాఖ మంత్రిగారు సభలో ప్రకటించారు. వెనక వరుసలో ఇద్దరు సభ్యులు ఉలిక్కిపడి లేచి చప్పట్లు కొట్టారు.

ఈ దూరదృష్టి వెనక ఉన్నది మా మరిది. ఒంట్లోని గడియారం వెలుగును బట్టి ముందుకూ వెనక్కూ ఎలా జరుగుతుందో సమీకరణాలు రాసి చెప్పడం అతని ఉద్యోగం. తాత్కాలిక ఉద్యోగం కనుక ఆఫీసులో బల్ల ఇవ్వలేదు. మా భోజనాల బల్లే పరిశోధనాలయం. మేం కింద కూర్చుని తింటున్నాం.

వారంలో అవిశ్వాస తీర్మానం. ఓటింగు పొద్దున్నే. ఆ పూట తనవాళ్ళంతా మెలకువగా ఉంటే మరిది ఉద్యోగం పర్మనెంటని మంత్రిగారు మాటిచ్చారు. నా ఆశంతా బల్ల మీద.

మంత్రిగారి ఫోను వస్తే మరిది స్పీకర్లో పెట్టాడు.

"మా బెంచీల మీద పెద్ద దీపాలు పెట్టించానయ్యా. ఎప్పుడు వెయ్యమంటావు?"

"పొద్దున్నే సార్. అప్పుడైతే ఒంటి గడియారం ముందుకు జరుగుతుంది, పెందలాడే మెలకువొస్తుంది. సాయంత్రం వేస్తే వెనక్కి పోతుంది."

"పొద్దున మావాళ్ళెవరొస్తారు? సాయంత్రమే వేయిస్తా. టీవీవాళ్ళూ అప్పుడే ఉంటారు."

"సార్, సమీకరణం ప్రకారం..."

"నేను చెప్పానని చెప్పు దానికి."

శాస్త్రాన్ని ఇంత చనువుగా ఆదేశించే నాయకుడు ఎందరికి దొరుకుతాడు?

వారమంతా సాయంత్రాలు అధికార పక్షం ధగధగలాడింది. నిద్ర పట్టడం లేదని, ఇదంతా ప్రజాసేవేనని సభ్యులు టీవీలో మురిసిపోయారు. దీపాలకు నోచుకోని ప్రతిపక్షం మసక వెలుతురులో ఆవలించి, ఇళ్ళకు పోయి హాయిగా పడుకుంది.

ఓటింగు పూట టీవీ ముందు కూర్చున్నాం. అధికార పక్షంలో సగంమంది రాలేదు. వచ్చినవాళ్ళు లేవలేదు. ఎవరో భుజం తడితే మంత్రిగారు "ఫైలు రేపు పెట్టు" అని అటు తిరిగారు. ప్రభుత్వం పడిపోయింది.

"నా లెక్క తప్పలేదు వదినా," అన్నాడు మరిది ఏడుపు గొంతుతో. "ఉద్యోగమే పోయింది."

"ఉండవయ్యా, ముందు టీ తాగు."

మర్నాడు కొత్త మంత్రిగారు ఫొటోగ్రాఫర్లతో మా ఇంటికే వచ్చారు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, మరిది ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం తెప్పించి కలం తీశారు.

"మమ్మల్ని గెలిపించిన దీపాలయ్యా అవి! అంగుళం కూడా కదపనివ్వను. రేపట్నుంచి ఆ బెంచీల్లో కూర్చునేది మేమేగా. సాయంత్రం ఇంకో గంట ఎక్కువ వేయిద్దాం. ఏమంటావు?"

మరిది నోరు తెరిచాడు.

నేను బల్ల కింద అతని కాలు తొక్కాను. మంత్రిగారి సంతకం ఇంకా సగంలోనే ఉంది.