వసంతమ్మ గోడమీద జపాను వెలుగు

“చిత్తూరు జిల్లా మొత్తానికి బుర్రనేది ఒక్కటే ఉండాది పెంచలయ్యా. అది నా భుజాలమీదనే ఉండాది!”

అపరాధ పరిశోధక శిఖామణి తులసీరాం ఇలా ప్రకటించేసరికి సైన్సు మాస్టరు పెంచలయ్యకు తాగుతున్న కాఫీ చేదెక్కింది. ఈ శిఖామణి ఇంతవరకు ఎవర్నీ పట్టుకున్న పాపాన పోలేదు. పడిశమే ఆయన్ను పట్టుకుంది.

అది నలభైమూడో సంవత్సరం. జపాను విమానాలు ఎప్పుడొచ్చి పడతాయోనని ఊరంతా బెదురుగా ఉంది. వారం రోజులుగా, పొద్దున తొమ్మిదయ్యేసరికి వసంతమ్మ మిద్దె గోడమీద వెలుగు మచ్చ ఒకటి ఎగురుతోంది. ఒక పొడుగు, రెండు పొట్టి, మళ్ళీ పొడుగు.

“రహస్య సంకేతం!” అన్నాడు తులసీరాం. “ఎదురుగా ఉండే ఓబయ్య మంగలంగట్లోనుంచే వస్తాండాది. ఈ పొద్దు వాణ్ణి కటకటాల్లోకి తోస్తా.”

“ఆడ అద్దం ఉండాది గదప్పా. ఎండ ఎంత వాలుగా పడితే అంతే వాలుగా తిరిగిపోతాది. అద్దం రవ్వంత కదిలితే ఎదురు గోడమీద వెలుగు బారెడు ఎగురుతాది.”

“నీ పాఠాలు పిల్లోళ్ళకు చెప్పుకో!”

మారువేషం వేయనిదే మహానుభావుడికి కాలు కదలదు. కొబ్బరిపీచు గడ్డం బంకతో అంటించుకుని, కానిస్టేబులు వెంకటమునిని వెంటబెట్టుకుని అంగట్లోకి దూకాడు. పెంచలయ్య వెనకాలే పరుగెత్తాడు. ఓబయ్య పదేళ్ళుగా తనకు గడ్డం గీస్తున్న మనిషి. యుద్ధం రోజుల్లో గూఢచారి అన్న పేరు పడితే మళ్ళీ ఇల్లు చూడడు.

వెంకటముని బేడీలు తీశాడు. ఓబయ్య కత్తి పక్కన పెట్టి చేతులు జోడించాడు.

“సామీ, జపాను యాడుండాదో గూడా నాకు తెల్దు!”

బల్లమీద గోడకు ఆనించిన అద్దంలోకి తులసీరాం తొంగిచూశాడు. కుడిచేతిలోని కర్ర ఎత్తాడు.

“దీని ఎనక రహస్య గది! లోపల గడ్డమోడు! ఎడంచేత్తో కర్ర పట్టుకోనుండాడు! నేనొక అడుగు ముందుకేస్తే వాడూ ఒక అడుగు ముందుకొస్తాండాడు!”

“కర్ర నీ కుడిచేతిలో ఉంటే అద్దంలో ఎడమగా కనపడతాదయ్యా! నువ్వెంత దూరం ముందరుంటే బొమ్మ అంతే దూరం లోపల...”

పెంచలయ్య మాట ముగిసేలోగా తులసీరాం దూకేశాడు. బల్లకాలు తన్నుకుని బోర్లా పడ్డాడు. అద్దం గడగడ ఊగింది.

ఎదురు మిద్దెమీంచి వసంతమ్మ కేక వినిపించింది: “ఓరి నాయనో! వెలుగు గోడంతా గంతులేస్తాండాది!”

వెంకటముని గోడను చూశాడు, అద్దాన్ని చూశాడు. అద్దాన్ని వేలితో కదిపాడు. గోడమీద మచ్చ ఎగిరింది. బల్లకాలికి కట్టిన తోలుపట్టీమీద అతని చూపు పడింది.

“కత్తి దీనిమీదనేనా నూరేది?”

“అవును సామీ. వారం కిందటనే ఈడ కట్టినా. నూరినప్పుడల్లా బల్ల అదురుతాది.”

వెంకటముని బేడీలు జేబులో వేసుకున్నాడు. ఓబయ్య ఉన్నచోటే కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

తులసీరాం దుమ్ము దులుపుకుని లేచాడు. “చూసినారా, గుట్టు ఎట్ల బయటపెట్టినానో! గడ్డమోడు మాత్రం తప్పించుకున్నాడు.”

పెంచలయ్య కొబ్బరిపీచు ఊడబెరికి, మెడ పట్టుకుని అద్దం ముందు నిలబెట్టాడు. “ఇప్పుడు చూడు.”

తులసీరాం చాలాసేపు పరీక్షగా చూశాడు.

“ఓరి దొంగా! గడ్డం తీసేసి మారువేషంలో వచ్చినాడే! వెంకటమునీ, బేడీలు తియ్యప్పా!”